గంటన్నర వెనక నడిచే గడియారం

జగిత్యాలలో పాత గోడ గడియారం కావాలంటే వాచీల దుకాణం లోపలికి పోయి లాభం లేదు. లోపల అద్దాల అల్మారాల నిండా ప్లాస్టిక్ గడియారాలే. చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ సరుకు. పెన్సిల్ సెల్లు వేస్తే ఏడాది నడుస్తాయి, ఆగిపోతే ఎవరూ బాగు చేయించరు. పాతది కావాలంటే ఆ దుకాణం బయట మెట్ల పక్కన, చిన్న అద్దాల పెట్టె ముందేసుకుని కూచున్న రిపేరాయనను అడగాలి. ఆయన దగ్గరా లేదంటే పాతినుప సామాన్ల గోదాము దారి పట్టాలి. అక్కడ గడియారానికి ధర ఉండదు, లోపలి ఇత్తడికి ఉంటుంది.

నాకీ తిరుగుడు తెచ్చిపెట్టింది మా చెల్లె. కరీంనగర్‌లో కొత్త ఇల్లు కట్టుకుని, వంటింట్లో ఒక గోడ నిండా పాత గడియారాలు పెట్టుకోవాలని ముచ్చటపడింది. “ఏడెనిమిది కావాలె అన్నా. నడవకున్నా మంచిదే, సూడ సక్కగుంటే సాలు” అంది. ఎవరింటి ఫోటోలో చూసిందో, తెల్ల గోడ మీద రంగురంగుల ఎనామిల్ రేకు గడియారాలు, వాటి కింద రాగి గిన్నెలు. ఫోటో బాగానే ఉంది. ‘నడవకున్నా మంచిదే’ అన్న మాటే నాకు మింగుడు పడలేదు.

ఆ ముచ్చట పుట్టిన దేశాలు వేరు. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దం చివరికి వంటింటి గడియారం అనే పేరుతోనే ఒక సరుకు ఉండేది. ఓక్ చెక్కను ఆవిరితో మెత్తబరిచి, అచ్చుల్లో ఒత్తి, పూలూ తీగలూ ఉబ్బెత్తుగా తేల్చి, ఆ చెక్కతో పెట్టె చేసి అందులో గంటలు కొట్టే మషీన్ బిగించేవాళ్ళు. అన్సోనియా, ఇంగ్రహామ్, సెషన్స్ లాంటి కంపెనీలు వాటిని చవగ్గా, లెక్కకు మించి తయారుచేశాయి. చలిదేశం కాబట్టి పొయ్యి ఉన్న గదే ఇంటిల్లిపాదికీ కూచునే గది, గడియారమూ అక్కడి అర మీదే. తర్వాత జర్మనీలో 1956లో యుంగ్‌హన్స్ కంపెనీ కోసం మాక్స్ బిల్ అనే ఆయన ఒక వంటింటి గడియారం గీశాడు. పైన మామూలు డయలు, దాని కింద గుడ్డు ఎన్ని నిమిషాలు ఉడికిందో చెప్పే చిన్న డయలు, రెండూ ఒకే పింగాణీ చట్రంలో. ఇవాళ అలాంటివి వేలంపాటల్లో అమ్ముడవుతాయి.

మన దగ్గర వంటింటికి గడియారం ఎవరు పెట్టారు? కట్టెల పొయ్యి, పొగచూరిన గోడలు. అన్నం ఉడికిందా అంటే మెతుకు పట్టి చూసేవాళ్ళు, పప్పు ఉడికిందా అంటే గరిటెతో నొక్కి చూసేవాళ్ళు. కుక్కరొచ్చాక ఈలలు లెక్కపెట్టారు. గడియారం ఎప్పుడూ ముందరింటి సొత్తు. దర్వాజ పైన, పోయిన పెద్దవాళ్ళ ఫోటోల సరసన, వచ్చినవాళ్ళకు కనబడేలా ఉండేది. మా పెద్దబాపు ఇంట్లో దానికి చావి ఇచ్చే హక్కు ఆయనొక్కడిదే. పిల్లలు స్టూలెక్కితే వీపు పగిలేది.

అందుకని చెల్లె అడిగినవి దొరకవని తెలిసే బయల్దేరాను. దొరికేవేమిటో చూద్దామనే ఆశ నాది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనుకున్నదీ అందుకే. మూడూ ఒకప్పుడు కరీంనగర్ జిల్లావే, 2016 జిల్లాల విభజనలో రెండు జిల్లాలకు పోయాయి. వీటి బతుకుతెరువులు మాత్రం వేరువేరు. వ్యవసాయమూ అంగడీ ఒకచోట, గల్ఫూ బీడీలూ ఒకచోట, మరమగ్గాలు ఇంకోచోట. గడియారం కొన్న డబ్బు ఎక్కడిదో తెలిస్తే అది ఎలాంటి గడియారమో సగం తెలిసినట్టే.

కొండగట్టు దాటాక మామిడి తోటలు మొదలవుతాయి, కాసేపటికి జగిత్యాల. ఊరికి నక్షత్రం ఆకారపు కోట ఉంది. 1747లో జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారనీ, ఊరి పేరు వాళ్ళ పేర్ల నుంచే వచ్చిందనీ చెప్తారు. ఆ కథ నమ్మాలో వద్దో గానీ కోట మాత్రం చూడదగ్గది. నాకు పని ఉన్నది టవర్ సర్కిల్ దగ్గర. నడి అంగట్లో గడియారపు స్తంభం, చుట్టూ బట్టల దుకాణాలు, బంగారం దుకాణాలు, తోపుడు బళ్ళు. సొంత గడియారం కొనలేని జనానికి ఊరుమ్మడి గడియారం చూపించడం నిజాం ఏలుబడిలో హైదరాబాద్ నుంచి జిల్లాలకు పాకిన అలవాటు. చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు బిగించింది 1889లో, మహబూబ్ చౌక్ గడియారం 1892లో. కరీంనగర్‌లోనూ టవర్ సర్కిలే ఊరి నడిబొడ్డు.

రిపేరాయనకు అరవై దాటాయి. ఒక కంటికి నల్లటి భూతద్దం, ముందున్న పెట్టెలో విప్పిన వాచీలు, చీమంత స్క్రూలు పోసిన మందు సీసాల మూతలు. గోడ గడియారాలు ఏమైనా ఉన్నాయా అంటే తలెత్తకుండానే, “పెట్టుకునేటందుకా, అమ్ముకునేటందుకా?” అన్నాడు. పెట్టుకోవడానికే అన్నాక టేబులు కింద నుంచి గోనెసంచి లాగాడు. లోపల టేకు చెక్క పెట్టె, పగిలిన అద్దం, పసుపుపచ్చబారిన డయలు, దాని మీద రోమన్ అంకెలు. “మషీన్ జర్మనీది, డబ్బ మనోళ్ళు కొట్టింది” అన్నాడు. పక్క ఊరి రైతు ఇంటిదట. ఐదింటికి ఎనిమిది కొడుతోందనీ, ఇంటికి అరిష్టమనీ తెచ్చి పడేసి పోయారట.

ఆ అరిష్టాన్ని ఆయన నా కళ్ళ ముందే వదలగొట్టాడు. ఇలాంటి గడియారంలో గంటలకు ప్రత్యేకంగా ఒక చక్రం ఉంటుంది. దాని అంచున గాట్లు. గాటుకూ గాటుకూ మధ్య ఎడం సమానంగా ఉండదు, ఒక దెబ్బ నుంచి పన్నెండు దెబ్బల దాకా పెరుగుతూ పోతుంది. సన్నని తీగ ఒకటి గాట్లో పడగానే సుత్తి ఆగుతుంది. ముల్లు చేసే పనల్లా కొట్టమని చెప్పడం వరకే, ఎన్ని కొట్టాలో లెక్క చక్రానిది. గంటల స్ప్రింగుకు చావి అయిపోయి నడక స్ప్రింగు మాత్రం నడిచినా, ఎవరైనా కంగారులో ముల్లును గిర్రున తిప్పినా రెంటికీ పొత్తు చెడుతుంది. ఆయన చిటికెన వేలుతో ఆ తీగను పైకెత్తాడు. తొమ్మిది కొట్టింది. మళ్ళీ ఎత్తాడు, పది. ముల్లున్న చోటికి లెక్క వచ్చేదాకా అలా ఎత్తుతూనే ఉన్నాడు. అంతే. “గింతదానికి ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండ్రు సార్” అన్నాడు, మళ్ళీ వాచీ మీదికి వంగుతూ.

నేను కదలకపోయేసరికి ఆయనకూ మాట్లాడాలనిపించింది. జనం చేసే పెద్ద పాపం నూనె అన్నాడు. ఆగిపోయిన గడియారానికి ఇంట్లో ఉన్న కొబ్బరినూనో కుట్టు మిషన్ నూనో వెనక నుంచి ధారగా పోస్తారు. రెండు రోజులు నడుస్తుంది. తర్వాత ఆ నూనెకు దుమ్ము పట్టి ముద్ద కట్టి, ఇరుసులు తిరిగే రంధ్రాలను కోలగా అరగదీస్తుంది. అప్పుడిక మషీన్ మొత్తం విప్పి, పెట్రోలుతో కడిగి, అరిగిన రంధ్రంలో కొత్త ఇత్తడి గుబ్బ కొట్టి, ఒక్కో ఇరుసుకు సూది మొనతో ఒక్క చుక్క నూనె పెట్టాలి. రోజంతా పట్టే పని. దానికి ఆయన అడిగే కూలీ రెండు ప్లాస్టిక్ గడియారాల ధర. “గంతెందుకు, కొత్తదే వస్తది గదా అంటరు” అన్నాడు. నిజమే, వస్తుంది. కొడుకు సెల్‌ఫోన్ల రిపేరు నేర్చుకుని ఎదుటి వరసలోనే కొట్టు పెట్టాడట. చూపించాడు. అక్కడ గిరాకీ నిలబడి ఉంది.

పాత గడీల గడియారాల గురించి అడిగాను. 1978 సెప్టెంబర్ 7న దొరల పెత్తనానికి ఎదురుతిరిగిన రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగాక, ఆ తర్వాతి ఏళ్ళలో చాలామంది దొరలు ఊళ్ళు విడిచి పట్నాలకు చేరారు. సామాను కొంత వాళ్ళతో పోయింది, కొంత ఇక్కడే చేతులు మారింది. నిలువెత్తు గడియారాలు ఆయన చేతుల మీదుగానూ పోయాయట. ఇప్పుడు వాటి కోసం హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ వ్యాపారులు ఫోన్లు చేస్తారు గానీ చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

పెట్టెలో ఒక మూల నాలుగైదు టైంపీసులు పడి ఉన్నాయి. ఒకదాని ముళ్ళ మీద ఆకుపచ్చ పూత. చిన్నప్పుడు చీకట్లో మిణుకుమిణుకుమనేవే ఇవి. ఎంత ముద్దొచ్చినా వంటింటికి వద్దని పక్కన పెట్టేశాను. 1960ల దాకా చాలా కంపెనీలు ఆ వెలుగు కోసం నిజంగానే రేడియం కలిపిన రంగు వాడాయి. అమెరికాలో ఆ రంగు పూసే ఆడపిల్లలు కుంచె మొనను నాలుకతో సన్నబరుచుకునేవాళ్ళు, వాళ్ళలో కొందరు దవడలు కుళ్ళి చనిపోయారు. ఇప్పుడు చీకట్లో వెలగడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. వెలగనిది దాంట్లోని జింకు రసాయనం పాడైనందుకు, రేడియం సగం కావడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అద్దం మూసి ఉన్నంత వరకు భయపడనక్కర్లేదు గానీ, అలాంటి దాన్ని విప్పి గీకి రంగు వేసే అలంకరణ పనులు మాత్రం పెట్టుకోకూడదు.

టేకు పెట్టె గడియారానికి బయానా ఇచ్చి కోరుట్ల బస్సెక్కాను. జాతీయ రహదారి మీద పాతిక కిలోమీటర్లు, కిటికీ పక్కన సీటు. ఈ దారిలో కనబడే రెండంతస్తుల ఇళ్ళలో చాలా వాటి పునాది దుబాయిలోనో సౌదీలోనో ఉంటుంది. చేతి గడియారం మనదేశంలో మామూలు మనిషికి అందింది 1961 తర్వాత, హెచ్ఎంటీ జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో వాచీలు మొదలుపెట్టాక. పెళ్ళిలో వాచీ, సైకిలు, రేడియో అల్లుడి హక్కులయ్యాయి. 1980లలో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో సాయంతో వాచీలు చేసింది. కోరుట్లలో మాత్రం అప్పటికే లెక్క మారిపోయింది. గల్ఫ్ నుంచి వచ్చినవాడి సూట్‌కేసులో టేప్‌రికార్డరు, సెంటు సీసాలు, కంబళ్ళతో పాటు జపాన్ వాచీలూ, పాటలు పాడే గోడ గడియారాలూ దిగేవి. ముస్లింల ఇళ్ళకు అజాన్ వినిపించే మసీదు ఆకారపు అలారం గడియారాలు వచ్చేవి. ఊరి సంగతి ఆలోచిస్తే కోరుట్లకు సొంతమైన పాత గడియారం జర్మనీ చెక్క పెట్టె కాదు, 1985లో దుబాయి నుంచి వచ్చిన ప్లాస్టిక్ క్వార్ట్జ్. సేకరించేవాళ్ళు దాన్ని ముట్టుకోరు. ఇంకో ఇరవై ఏళ్ళకు ముట్టుకుంటారు, అప్పటికి ఉంటే.

దోస్తు ఒకాయన తనకు అక్క వరసయ్యే ఆమె ఇంటికి తీసుకుపోయాడు. పాత గడియారం ఉందన్నది నిజమే, గంటకోసారి రాగం వినిపించే జపాన్ సరుకు, రాగం మూగబోయి టైము మాత్రం నడుస్తోంది. అది ముందరింట్లో ఉంది. నేను చూస్తూ నిలబడిపోయింది ఇంకో గడియారం. వంటింట్లో, గ్యాస్ పొయ్యికి ఎదురు గోడకు, మామూలు గుండ్రని తెల్ల గడియారం. ముందరింట్లో పదకొండున్నర అయింది. వంటింట్లో పదే అయింది.

“అక్కా, ఇది ఆగినట్టుంది” అన్నాను.

“ఆగలే తమ్మీ. దుబాయి టైము అది.”

ఆమె భర్త దుబాయి పోయిన కొత్తలో పెట్టారట. అప్పుడు ఫోన్ అంటే పక్కింటికి పరుగెత్తడమే, అదీ శుక్రవారం. మిగిలిన రోజులు ఉత్తరం, లేదా ఎవరి చేతనైనా పంపిన క్యాసెట్. ఆయన లేచిండా, పనికి పోయిండా, తిన్నడా అని ఊరికే బుగులు పడే బదులు గడియారం చూసుకునేదట. ఇక్కడి కంటే గంటన్నర వెనక. కొందరు సౌదీ, ఖతార్ పోయినవాళ్ళ ఇళ్ళలో అయితే రెండున్నర గంటలు వెనక పెట్టుకునేవాళ్ళట. వంటింట్లోనే ఎందుకు అంటే, “ఇంకేడ ఉంటం? బీడీలు చేసేది గీ గడపలనే, వండేది గీన్నే” అంది. మాట్లాడుతున్నంత సేపూ చాట ఒళ్ళోనే ఉంది. తునికాకు ముక్క తీసుకుని, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, చివర మడిచి కట్టలో వేయడం ఆ చేతులు వాటంతట అవే చేసుకుపోతున్నాయి. కట్టకు ఇరవై ఐదు. వెయ్యికి ఇంత అని కూలీ.

ఆయన తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది. మరి గడియారం ఇంకా ఆ టైములోనే ఎందుకుంది?

“కొడుకు పోయిండు గదా.”

ఇప్పుడు వీడియో కాల్ ఉంది, రోజూ మొఖం చూస్తుంది. అయినా ఆ గడియారం తీయలేదు. కొడుకు మధ్యాహ్నం తిండికి కూచునే వేళకే తానూ విస్తరి ముందు కూచుంటానని, నవ్వుతూ, కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది. అలా అయితే ఇక్కడి లెక్కన రెండున్నర దాటుతుంది. భర్త విసుక్కుంటాడట. నేను ఆ ఊరికి కొనడానికే పోయాను గానీ ఆ ఇంట్లో ధర అడగాలన్న మాట నోట్లోకి రాలేదు. మా చెల్లె ఫోటోలో చూసిన ఎనామిల్ గడియారాలన్నీ కలిపినా, నేను చూసినంతలో వంటింటి గడియారం అనే పేరుకు తగింది ఇదొక్కటే. దాని వెల కొత్తదైతే రెండు వందలు ఉంటుంది.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ దారి. గుట్టలు, నడుమ నడుమ అడవి, మక్క చేలు. వేములవాడలో కోడె మొక్కుల వాళ్ళతో బస్సు నిండిపోయింది. అక్కడి నుంచి సిరిసిల్ల ఎంతో దూరం లేదు.

సిరిసిల్ల వచ్చినట్టు చెవులకు ముందు తెలుస్తుంది. బి.వై. నగర్, సుందరయ్య నగర్ గల్లీల్లో నడుస్తుంటే ప్రతి రేకుల షెడ్డు నుంచీ సాంచల మోత, అంటే మరమగ్గాల చప్పుడు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్న ఊరు, కానీ ఊరికి తిండి పెట్టింది మరమగ్గం మీది పాలిస్టరు బట్ట. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మ చీరల ఆర్డర్లు ఊరిని నడిపించాయి. ఆర్డరు ఉన్న నెలల్లో రాత్రీ పగలూ తేడా ఉండదు, లేని నెలల్లో గల్లీ నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ నిశ్శబ్దానికి ఈ ఊళ్ళో అందరూ భయపడతారు.

ఒక షెడ్డులోకి రానిచ్చారు. సాంచల వరసల మధ్య ఒకే కార్మికుడు అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగు అతుకుతూ కండె మారుస్తూ ఉన్నాడు. పన్నెండు గంటల డ్యూటీ. గోడకు ఒక గడియారం ఉంది, అద్దం మీద నూలు ధూళి దట్టంగా పేరుకుని ముళ్ళు లీలగా కనబడుతున్నాయి. తుడవరా అని సైగ చేస్తే అతను నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు: “అది సూసి ఏం జేస్తం సార్? కూలీ టైముకు గాదు, మీటరుకు!” బట్ట ఎన్ని మీటర్లు దిగితే అంత. కరెంటు పోతే సాంచ ఆగుతుంది, గడియారం ఆగదు. ఆ గంట అతని ఒంటి మీదే పోతుంది. జగిత్యాల టవర్ గడియారం కింద నిలబడినప్పుడు తట్టని సంగతి ఇది. గడియారం అందరికీ ఒకే టైము చూపిస్తుంది, ఆ టైముకు డబ్బులు మాత్రం అందరికీ రావు.

టేకు పెట్టె గడియారానికి తోడు ఇంకొకటి దొరికింది ఇక్కడే, షెడ్డు వెనక సందులో ఒక తాత ఇంట్లో. ఇక్కడి పద్మశాలీలు తరతరాలుగా బొంబాయి, భివండి, షోలాపూర్, సూరత్ పోయి మిల్లుల్లో పనిచేశారు. తాతా అలాగే బొంబాయి గిరిణీలో మగ్గం నడిపాడు. అక్కడ గడియారం కంటే ముందు భోంగా ఉండేదట, మిల్లు సైరన్. అది కూసినప్పుడు గేటు లోపల లేకపోతే ఆ రోజు కూలీ లేదు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు, మిల్లులే ముగిసిపోయాయి. తాత ఏడాది చూసి పెళ్ళాం పిల్లలతో ఊరికి వచ్చేశాడు. తెచ్చుకున్న సామానులో చోర్ బజార్‌లో కొన్న గోడ గడియారం ఒకటి.

చిన్నదే. ఎనిమిది మూలల ముఖం, కింద చిన్న అద్దాల తలుపు, తలుపు వెనక ఇత్తడి పెండ్యులం. డయలు మీద పేరు చెరిగిపోయింది. పాత గడియారాల్లో మోసం ఎక్కువగా ఈ డయలు దగ్గరే జరుగుతుంది, జర్మనీ పేరో లండన్ పేరో కొత్తగా అచ్చు వేసి అతికిస్తారు. తెల్లగా మెరిసే డయలు, దాని చుట్టూ నల్లబారిన చెక్క కనబడితే అనుమానించాలి. ఇక్కడ ఆ బెంగ లేదు, చెరిగింది చెరిగినట్టే ఉంది. తాత రోజూ కాకుండా ప్రతి ఆదివారం చావి ఇస్తాడు. ఇచ్చి చూపించాడు. ముఖానికి రెండు రంధ్రాలు, కుడిది నడకకు, ఎడమది గంటలకు. చావి తిప్పుతూ పెదాలతో లెక్కపెట్టుకున్నాడు. చివరి దాకా బిగించకూడదట, రెండు చుట్లు తక్కువగా ఆపాలట. అరగంటకు ఒకటి చొప్పున కూడా కొట్టే గడియారం కాబట్టి పన్నెండు గంటల్లో తొంభై దెబ్బలు. ముసలమ్మకు నిద్ర పట్టడం లేదని కొడుకు దాన్ని ఆపేయమంటున్నాడు. అమ్మకానికి కారణం అదే.

ధర మాట్లాడుకున్నాం. పైసలు లెక్కపెట్టుకోకుండా మడిచి జేబులో పెట్టుకుని, చావి మాత్రం చేతిలోనే ఉంచుకుని అడిగాడు: “నడిపిస్తరా, ఊకె గోడకు పెడ్తరా?”

నడిపిస్తామన్నాను. చెల్లెను అడగకుండానే మాటిచ్చాను. అప్పుడు చావి ఇచ్చాడు, దానికి కట్టిన ఎర్ర నూలు పోగుతో సహా.

కరీంనగర్‌లో చెల్లెకు నచ్చజెప్పడానికి పెద్దగా కష్టపడలేదు. జగిత్యాల రిపేరాయన కడిగి ఇచ్చిన టేకు పెట్టె గడియారం, సిరిసిల్ల ఎనిమిది మూలల గడియారం, రెండే వచ్చాయి. ఏడెనిమిది ఎందుకు వద్దంటే నా వాదన ఒకటే: నడవని గడియారాలు గోడ నిండా పెడితే ఒక్కొక్కటి ఒక్కో టైము చూపిస్తూ ఉంటుంది. వచ్చినవాళ్ళు ఫోటో దిగుతారు, ఇంట్లోవాళ్ళు మాత్రం టైము కోసం ఫోనే చూస్తారు. అలాంటి గోడకు గడియారం బొమ్మ ఉన్న కాగితం అతికించినా ఒకటే. పెద్దదాన్ని ముందరింటికి పంపించి, చిన్నదాన్ని వంటింట్లో పెట్టాం. పొయ్యి పైన కాదు. తాలింపు పొగలో నూనె ఉంటుంది, అది మషీన్‌లోకి పోతే జగిత్యాలాయన చెప్పిన ముద్ద మళ్ళీ తయారవుతుంది. పొయ్యికి దూరంగా, తడి తగిలే గోడ కాకుండా, ఎండ పడని చోట పెట్టాం.

పెట్టిన రోజు ఐదు నిమిషాలు నడిచి ఆగింది. పాత గడియారం కొన్నవాళ్ళు సగంమంది ఇక్కడే చెడిపోయిందని ఆశ వదులుకుంటారు. పెట్టెను ఒక నూలు వాసి పక్కకు జరిపి చెవి పెట్టి వింటే చాలు. టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం సమానమైన చోట నిలపాలి, గోడకు నిటారుగా కనబడిందా లేదా అన్నది తర్వాతి మాట. వేగంగా పోతే పెండ్యులం కింది మరను కిందికి తిప్పాలి, వెనకబడితే పైకి. మన మే నెల ఎండలకు ఇత్తడి కడ్డీ సాగి, చలికాలంతో పోలిస్తే రోజుకు ఇరవై సెకన్ల దాకా వెనకబడుతుంది. అది గడియారం తప్పు కాదు. ఉగాది తర్వాత ఒకసారి, దీపావళి తర్వాత ఒకసారి మర సవరించుకుంటే సరిపోతుంది. చావి ఇచ్చే పని మా మేనకోడలు తీసుకుంది. స్టూలెక్కితే ఎవరూ కొట్టడం లేదు.

మీ అటక మీదో పాత సందూకులోనో ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. తూకానికి వేయకండి. డయలుకు రంగు వేయించకండి, నూనె అసలే పోయకండి, స్ప్రింగు డబ్బీని ఇంట్లో మీ అంతట మీరు విప్పకండి, అది విసురుగా విచ్చుకుంటే వేళ్ళు తెగుతాయి. టవర్ సర్కిల్ దగ్గర గానీ, మీ ఊరి బస్టాండు వెనక గానీ, మెట్ల పక్కన అద్దాల పెట్టె ముందు ఒకాయన ఇంకా కూచుని ఉంటాడు. ఆయన ఉండగానే తీసుకుపోండి. అడిగిన కూలీలో బేరమాడకండి.